ఆలస్యానికి కారణం

తాళంచెవి పోలమ్మ బొడ్లో ఉంది. గేటుకు మధ్యాహ్నం పడిన తాళం పొద్దువాలినా పడే ఉంది.

"ఇటియ్యవే అమ్మా," అంది నందిని.

"ఇయ్యను."

"తెల్లారి మొదటి బస్సుకి పోవాలి నేను. పదింటికి ఎంక్వయిరీ."

"ఎంక్వయిరీనా? ఊరు ఊరంతా కాసుక్కూర్చుంటే ఎదురెళ్ళి మెడ పెడతావా? పోమాక. ఉద్యోగం పోతే పోయిద్ది. లేకపోవటం మనకేమన్నా కొత్తా?"

ఆ ఉద్యోగం వచ్చి అయిదు నెలలే అయింది. డీఎస్సీ లిస్టులో కూతురి పేరు కనపడ్డ రోజు బరంపేట వీధి వీధంతా తిరిగి లడ్లు పంచింది ఈ పోలమ్మే. లారీ మీదున్న మొగుడు రోశయ్యకు ఫోన్ చేసి, "మన పిల్ల లెక్కల టీచరయ్యిందయ్యో" అని ఏడ్చిందీ ఈవిడే. ఇవాళ అదే ఉద్యోగాన్ని ఎంగిలి విస్తరిలా వీధిలో పారేస్తానంటోంది. తల్లికి భయం పట్టుకుంటే న్యాయం, అన్యాయం కనపడవు. బిడ్డ ఒక్కతే కనపడుతుంది.

అరుగు మీద కూర్చున్న అన్న కిరణ్ ఫోన్ లోంచి తలెత్తాడు. క్వారీ టిప్పర్ నడుపుతాడు. రెండు రోజులుగా బండెక్కలేదు.

"మాచర్ల గ్రూపుల్లోకి కూడా ఎక్కింది," అన్నాడు.

"చూపించమాక దానికి," అంది పోలమ్మ.

చూపించనక్కర్లేదు. ఆ వీడియో నందినికి కంఠతా వచ్చు. నులకమంచం మీద ఆరో తరగతి పిల్ల పావని, ఎడమ కంటికి కట్టు. కింద ఎర్రటి అక్షరాలు: 'పసిపిల్ల కళ్ళలో కారం కొట్టిన టీచరమ్మ.'

కొట్టలేదు. ఆ మాట ఎవరికి చెప్పినా వినటం లేదు. శుక్రవారం మొదటి పీరియడ్ లో పావని ఆలస్యంగా వచ్చింది. ఆ వారంలో అది మొదటిసారి కాదు. నందిని అరిచింది. పిల్ల ఏడ్చింది. కాసేపటికి కళ్ళు మండిపోతున్నాయని నేలమీద పడి దొర్లింది. వినుకొండలో కంటి డాక్టరు చూసి, నల్లగుడ్డు మీద గోరు గీత పడిందనీ, కట్టు విప్పేదాకా చూపు సంగతి చెప్పలేననీ అన్నాడు. కళ్ళలోకి మంట ఎక్కణ్ణుంచి వచ్చిందో నందినికి ఇప్పటికీ అంతుపట్టలేదు.

"శుక్రవారం ఏం జరిగిందో హెడ్మాస్టరుకి చెప్పావా?" అడిగాడు కిరణ్.

"చెప్పాను."

"అంతా?"

గేటు దగ్గర బైకు ఆగింది.

దిగింది ఇద్దరు. హెల్మెట్ తీస్తున్నవాడు జాషువా, బళ్ళో వ్యాయామ ఉపాధ్యాయుడు. వెనక సీటు మీంచి చీర సర్దుకుంటూ దిగినావిడ తెలుగు చెప్పే సరస్వతమ్మ. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతోంది.

కిరణ్ అరుగు దిగి గేటుకి అడ్డం నిలబడ్డాడు.

"ఈవిడేగా ఎంకటేశ్వర్లు గారి వదిన?" అన్నాడు చెల్లెలితో, ఆవిడకి వినపడేట్టే.

నందిని పనిచేసే తుమ్మలకుంటలో వెంకటేశ్వర్లు పెద్ద రైతు. పార్టీ మనిషి. శుక్రవారం సాయంత్రం బడి ముందు జనాన్ని పోగుచేసిందీ, రేపటి ఎంక్వయిరీకి ఎంఈవోని రప్పిస్తున్నదీ ఆయనే.

"ఆయన వదిననే," అంది సరస్వతమ్మ. "తాళం తియ్యి నాయనా."

"తియ్యం. చెప్పేదేదో అక్కణ్ణుంచే చెప్పండి."

"నాకేం, చెబుతా. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు. వీధి చివరిదాకా వినపడిద్ది మరి."

పోలమ్మ గబగబా వచ్చి తాళం తీసింది. ఎదురింటి వాళ్ళు అప్పటికే కిటికీ దగ్గర చేరారు.

లోపల కుర్చీలు రెండే. జాషువా నిలబడే ఉన్నాడు. నందిని నీళ్ళు తెచ్చిచ్చింది.

"ఎంకటేశ్వర్లు గారు పంపాడా మిమ్మల్ని?" అన్నాడు కిరణ్.

"పంపాడు."

జాషువా ఉలిక్కిపడి ఆవిడ వైపు చూశాడు. తోవ పొడుగునా ఆ మాట ఆయనతో అనలేదని తెలుస్తూనే ఉంది.

"నువ్వు రేపు రాకుండా లాంగ్ లీవ్ పెట్టి, తరవాత బదిలీ అడుక్కుంటే కంప్లైంటు ఉండదన్నాడు," అంది సరస్వతమ్మ నందినితో. "ప్రొబేషన్ కి మచ్చ పడదంట. ఎంఈవోకి తను చెప్పుకుంటాడంట. ఆ మాట చేరవేయమన్నాడు. చేరవేశాను."

పోలమ్మ ముఖం వికసించింది. "చల్లటి మాట చెప్పారు తల్లీ! వినపడిందా, నందినీ? ఇంకేం కావాలి?"

"తప్పు చేసినోళ్ళు చేసే పనది," అంది నందిని.

"నువ్వు చెయ్యలేదుగా!" అన్నాడు జాషువా. "అంతమంది మధ్య నిలబడి చెప్పాను నేను. మా టీచర్ పిల్లని కసరటం తప్ప ఏమీ చేయలేదు, ఆ పిల్లే నలుపుకుంది, నా మాట నమ్మండయ్యా అన్నాను. రేపూ అదే చెబుతాను. మీరొచ్చి పక్కన నిలబడండి చాలు."

బళ్ళో చేరిన కొత్తల్లో నందిని బోర్డు వైపు తిరగగానే ఎనిమిదో తరగతి మగపిల్లలు పిల్లికూతలు కూసేవాళ్ళు. అప్పుడు ఈ జాషువా ఎవరికీ ఏమీ చెప్పకుండా వచ్చి, వెనక బెంచీలో కూర్చుని వాలీబాల్ కి గాలి కొట్టుకుంటూ ఉండేవాడు. కూతలు ఆగాక ఒకరోజు రావటం మానేశాడు. ఆ మేలు గురించి ఎప్పుడూ ఎత్తలేదు. అలాంటి మనిషి నందిని చెప్పిన అబద్ధాన్ని నెత్తిన పెట్టుకుని ఊరి మధ్య నిలబడ్డాడు.

"సార్," అంది. "నేను మీకు అబద్ధం చెప్పాను."

"నందినీ!" అని కసిరాడు కిరణ్.

"పిల్ల తనంతట తను నలుపుకోలేదు. ఏడుపాపి కళ్ళు తుడుచుకో అన్నాను. తుడుచుకోలేదు. చేతులు వెనక దాచుకుంది. నాకు ఇంకా ఒళ్ళు మండింది. తుడుచుకుంటేగానీ కూర్చోనివ్వను అని అరిచాను. అప్పుడు తుడుచుకుంది. రెండు చేతుల్తో, గట్టిగా. నేను చెప్పానని."

"ఎందుకే, ఎందుకు చెప్పావే?" కిరణ్ గోడ మీద అరచేత్తో కొట్టాడు. "అదీ ఎవరి ముందు! గంటలో ఎంకటేశ్వర్లు చెవిలో ఉంటది ఈ ముక్క!"

జాషువా ముఖం నల్లబడింది. "క్లాసు పిల్లలందరూ విన్నారు కదా మేడమ్ ఈ మాట. రేపు వాళ్ళలో ఒక్కడు నోరు విప్పితే నేనేమవుతాను? మీరేమవుతారు?" హెల్మెట్ తీసుకున్నాడు. "నేను బయట ఉంటాను సరస్వతమ్మ గారూ."

ఆయన చెప్పులు వేసుకుంటున్న చప్పుడు లోపలికి వినపడింది. నందిని తల వంచుకుంది. ఊరు తిట్టినప్పుడు కూడా రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

సరస్వతమ్మ గ్లాసు ఎత్తి నీళ్ళన్నీ తాగింది. నింపాదిగా, ఏమీ జరగనట్టే.

"చేతులు వెనక దాచుకుందా?" అంది.

"అవును మేడమ్."

"మిరపకోతలు జరుగుతున్నాయి. తెల్లారుజామున మంచు ఆరకముందే చేలోకి దిగుతారు. కోసిన చేతులు కడిగినా మంట పోదు. మజ్జిగతో రుద్ది, కొబ్బరినూనె రాసి, అప్పటికీ సాయంత్రం దాకా మొహం ముట్టుకోరు. మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు ఆ సంగతి. అందుకే చేతులు దాచుకుంది."

"బడికొచ్చే పిల్ల కోతకెందుకు పోయిద్ది?" అంది పోలమ్మ.

సరస్వతమ్మ ఖాళీ గ్లాసు పక్కన పెట్టి నందిని వైపు తిరిగింది.

"కోతల కాలంలో పిల్లల చేతులు చూడు, తరవాతే మొహం చూడు అని కొత్తగా వచ్చిన ప్రతి టీచరుకీ చెప్పాలి," అంది. "నీకెవరం చెప్పలా. ఊళ్ళో పుట్టినోళ్ళకి ఇది చెప్పాల్సిన సంగతని తోచదమ్మాయ్. గొంతు పెంచమాక, తగ్గిస్తే వింటారు అని చెప్పాను నీకు. పాఠం ఎట్టా చెప్పాలో చెప్పాను. ఊరు సంగతి చెప్పలా."

లేచింది. "మా మరిది మాట చెప్పాను. ఇది నా మాట. ఎనిమిదింటికల్లా ఊళ్ళో దిగు. ఎంక్వయిరీ కంటే ముందు పిల్లని చూడాలి. అట్టా కాదు, లీవే పెడతానంటే అదీ నీ ఇష్టం. నేను తప్పు పట్టను."

"మీరు పోయి మీ మరిదికి ఇదంతా చెప్పరని గ్యారంటీ ఏంది?" అన్నాడు కిరణ్ గుమ్మానికి అడ్డంగా. "మొగుడు పోయాక మీ పొలం కూడా ఆయనే చేయిస్తున్నాడంటగా!"

"అవును, ఆయనే చేయిస్తున్నాడు," అంది సరస్వతమ్మ. "గ్యారంటీ ఏమీ లేదు నాయనా." అతను పక్కకు తప్పుకునేదాకా ఆగి బయటికి నడిచింది.

బైకు వెళ్ళిపోయింది. పోలమ్మ మళ్ళీ తాళం వేసింది.

* * *

తెల్లవారి నందిని లేచేసరికి గేటు బార్లా తీసి ఉంది. పోలమ్మ మెట్టు మీద కూర్చుని, క్యారియర్ గిన్నె మీద గిన్నె పెడుతోంది.

"గోంగూర పచ్చడి పెట్టా," అంది కూతురి వైపు చూడకుండా. "తిను. అక్కడ ఏమన్నా అననీ, తిండి మాత్రం మానమాక."

నందిని క్యారియర్ అందుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే విడిపోయారు.

వినుకొండలో బస్సు మారి, బొల్లాపల్లి దాటాక ఆటో ఎక్కింది. దారి పొడుగునా కళ్ళాల్లో ఎండబోసిన మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. అయిదు నెలలుగా ఆ దారినే పోతూ వస్తూ, అబ్బ, ఎంత బాగుందో అనుకుని ఒకసారి ఫోటో కూడా తీసుకుంది. ఇవాళ ఆ వైపు చూడలేకపోయింది. ఆటోలో ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళు ఆమెను గుర్తుపట్టి, మాటలు ఆపి, ఇంకోవైపు తిరిగారు.

ఊరి మొదట్లో సరస్వతమ్మ నిలబడి ఉంది.

"వచ్చావా," అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ముందు నడిచింది.

పావని ఉండేది అవ్వ గురవమ్మ దగ్గర. తల్లీ తండ్రీ ఇళ్ళు కట్టే బేల్దారు పనికి హైదరాబాదు వెళ్ళి కార్తీకమాసం నుంచీ అక్కడే ఉన్నారు. రేకుల ఇంటి ముందు గురవమ్మ పొయ్యి ఊదుతోంది. టీచర్ని చూసి చేతిలో గొట్టం కింద పడేసింది.

"ఇంకా ఏం మిగిలిందని వచ్చావమ్మా?"

"పిల్లని చూద్దామని," అంది నందిని.

"చూడు. నువ్వు చేసిన నిర్వాకం చూడు. ఒంటికన్ను దాన్ని చూడు."

లోపల మంచం మీద కూర్చున్న పావని టీచర్ గొంతు విని గబుక్కున లేచి నిలబడింది. అలవాటు. ఒక కంటికి కట్టు, రెండో కన్ను ఎర్రగా, నీరు కారుతూ.

"గుడ్ మార్నింగ్ టీచర్," అంది. తరవాత గొంతు తగ్గించి, "లేటు చెయ్యను టీచర్ ఇంక," అంది.

నందిని గుమ్మంలోనే కూలబడింది. ఏం చెప్పాలనుకుని వచ్చిందో ఒక్కటీ గుర్తు రాలేదు. శుక్రవారం అడగాల్సిన ప్రశ్న ఇప్పుడు వచ్చింది నోటికి.

"ఎందుకు లేటవుతోంది పావనీ?"

పిల్ల ఆశ్చర్యంగా చూసింది. బహుశా ఆ ప్రశ్న దాన్నెవరూ అడిగి ఉండరు.

"అవ్వకి కోతలో సాలు అందటం లేదు టీచర్. కూలి ముఠాలో అందరూ ముందుకెళ్ళిపోతే అవ్వ వెనకబడిద్ది. వెనకబడితే తెల్లారి పిలవరు. అందుకని అవ్వ సాల్లో సగం నేను కోసి, అప్పుడు బడికి వస్తా."

"ఎవరి చేలో?"

"పెద్దయ్యగారి..."

"నోర్ముయ్యి!" గురవమ్మ ఒక్క ఉదుటున వచ్చి పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పెట్టిన చేతిని అంతలోనే వెనక్కి లాక్కుంది. ఆ చేతిలోనూ మంట ఉంటుందని గుర్తొచ్చింది కాబోలు. కోక చెంగుతో పిల్ల పెదాలు తుడిచింది.

ఆ ఊళ్ళో పెద్దయ్యగారు ఎవరో నందినికి కూడా తెలుసు. శుక్రవారం సాయంత్రం నుంచీ 'పసిపిల్ల, పసిపిల్ల' అని గొంతు చించుకుంటున్న వెంకటేశ్వర్లు చేలోనే ఆ పసిపిల్ల తెల్లారుజామున కాయలు కోసింది. ఆయన అంత గట్టిగా ఎందుకు అరుస్తున్నాడో ఇప్పుడు తెలిసింది. పిల్ల కళ్ళలోకి కారం టీచరు చేతిలోంచి వచ్చిందని ఊరు నమ్మితే, చేలోంచి వచ్చిందని ఎవరూ అడగరు.

తన నెత్తిమీద పెట్టిన బండను దించుకోవటానికి ఒక్క మాట చాలు. ఆ మాట దొరికింది. నందిని లేచి నిలబడింది.

గురవమ్మ ఆమె మొహం చూసి కనిపెట్టేసింది. ముసలిది వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

"ఆ మాట మాత్రం అనమాక టీచరమ్మా. నీకు దణ్ణం పెడతా. ఇల్లు ఆయన ఇచ్చిన జాగాలో ఉంది. పని ఆయన చేలో ఉంది. నువ్వు బదిలీ పెట్టించుకు పోతావు. మేమేడికి పోతాం? దీని కంటికి మందెక్కణ్ణుంచి వచ్చిద్ది?"

నందిని తలెత్తి సరస్వతమ్మ వైపు చూసింది. ఆవిడ వాకిట్లో, ఎండలో నిలబడి ఉంది. అంతా విన్నది.

"మేడమ్, మీకు తెలుసా ఇది?"

సరస్వతమ్మ వీధి వైపు తిరిగింది. "ఎంఈవో జీపు వచ్చినట్టుంది. పద," అంది.

* * *

పదో తరగతి గదిలో బెంచీలన్నీ గోడకు జరిపారు. ఎంఈవో ఈమధ్యే వేరే మండలం నుంచి వచ్చిన మనిషి. ఆయన పక్కన హెడ్మాస్టరు గోపాలరావు. ఎవరు మాట్లాడినా వాళ్ళ వైపే తలాడించటం ఆయన పద్ధతి, అందుకని పొద్దుట్నుంచీ ఆ తల ఊగుతూనే ఉంది. కిటికీల నిండా జనం. తలుపు పక్కన నేలమీద గురవమ్మ.

వెంకటేశ్వర్లు కుర్చీ వేయించుకుని మధ్యలో కూర్చున్నాడు. సరస్వతమ్మ వెనకనే నందిని లోపలికి రావటం చూసి కనుబొమలు ముడిచాడు. లీవ్ పెట్టలేదన్నమాట. వదిన వైపు చూశాడు. ఆవిడ చూడలేదు.

"ఏందయ్యా ఎంఈవో గారూ," మొదలుపెట్టాడు, "ఇట్టాంటోళ్ళకి పిల్లల్ని అప్పజెప్పి మేం ఇళ్ళల్లో నిద్రపోవాలా? పసిదాని కళ్ళలో కారం కొట్టే ఆడదాన్ని ఏ రోజన్నా చూశామా ఈ ఊళ్ళో?"

"కొట్టింది! మా పిల్లోడు చూశాడు!" అన్నారెవరో కిటికీ బయట.

"ఏ పిల్లోడు? లోపలికి రమ్మను," అన్నాడు జాషువా మూలనుంచి. ఆయన నందినిని పలకరించలేదు. కానీ వచ్చాడు.

ఎంఈవో చెయ్యెత్తాడు. "అమ్మా, మీరు చెప్పండి."

నందిని లేచింది. గది నిండా కళ్ళే. గొంతు పెంచకు, తగ్గించు. తగ్గించింది.

"నేను కారం కొట్టలేదు సార్. కానీ హెడ్మాస్టరు గారికి శుక్రవారం నేను చెప్పింది నిజం కాదు. పావని ఆలస్యంగా వచ్చిందని అరిచాను. ఏడ్చింది. కళ్ళు తుడుచుకోమన్నాను. తుడుచుకోనని చేతులు దాచుకుంటే బలవంతపెట్టాను. ఆ చేతులకి కారం ఉందని నాకు తెలియదు. తెలియకపోయినా తుడుచుకోమన్నది నేనే. జాషువా సార్ నా మాట నమ్మి ఊళ్ళోవాళ్ళకి చెప్పారు. ఆయన తప్పేమీ లేదు."

గదిలో గోల లేచింది. "ఒప్పుకుంది! ఒప్పుకుంది!" వెంకటేశ్వర్లు కుర్చీలో వెనక్కి వాలాడు. జాషువా నేల చూపులు చూస్తున్నాడు, కానీ రాత్రి నల్లబడ్డ ముఖం ఇప్పుడు కాస్త తేటపడింది.

ఎంఈవో రాసుకుంటూ రాసుకుంటూ ఆగాడు.

"పొద్దున బడికి వచ్చిన పిల్ల చేతులకి కారం ఎట్లా అంటిందమ్మా?"

గోల చప్పున ఆగిపోయింది.

జాషువా సగం లేచాడు. ఆయనకు తెలుసు. ఊళ్ళో ఎవరికి తెలియదు గనక? నందిని ఆయన వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. తలుపు పక్కన గురవమ్మ రెండు చేతులూ జోడించి పట్టుకుని ఉంది. దేవుడికి పెట్టినట్టు.

ఒక్క మాట. అంటే తను బయటపడుతుంది. ఆ ముసలిది మునిగిపోతుంది. అనకపోతే అమ్మ పంచిన లడ్లూ, నాన్న లారీ మీద గడిపిన రాత్రులూ, అయిదు నెలల జీతమూ అన్నీ ఈ గదిలోనే అయిపోతాయి. నందినికి భయం వేసింది. ఇంటికి పోవాలనిపించింది. అమ్మ వేసిన తాళమే నయమనిపించింది.

"పిల్ల ఎందుకు ఆలస్యమైందో నేను అడగలేదు సార్," అంది. "అడగాల్సింది. అడగకుండానే అరిచాను. ఇంతకుమించి నేను చెప్పగలిగింది లేదు."

"అదీ సంగతి," అన్నాడు వెంకటేశ్వర్లు. గొంతులో ఊపిరి వదిలిన చప్పుడు. "అడిగేదేముంది సార్, ఒప్పుకుందిగా ఆమె. రాసెయ్యండి."

గోపాలరావు తలాడించాడు. ఎంఈవో పెన్ను మళ్ళీ కాగితానికి ఆనించాడు.

"నాకు తెలుసు సార్."

గోడవారన బెంచీ మీంచి సరస్వతమ్మ లేచింది.

"వదినా," అన్నాడు వెంకటేశ్వర్లు. పిలుపు మెత్తగానే ఉంది.

"మిరప చేలోంచి అంటింది సార్ ఆ కారం. ఈ కోతల కాలంలో మా బడిపిల్లలు తెల్లారుజామున దిగని చేను ఈ ఊళ్ళో లేదు. సగం సాలు కోసి, పరిగెత్తుకుంటూ బడికొస్తారు. పంతుళ్ళం మాకందరికీ తెలుసు. హెడ్మాస్టరు గారికీ తెలుసు."

గోపాలరావు తల మొదటిసారి నిలిచిపోయింది.

"తెలిసి నోరు మూసుకున్నాం. తెలియంది ఈ అమ్మాయి ఒక్కదానికే. చెప్పాల్సినోళ్ళం మేం చెప్పలా. తిలాపాపం తలా పిడికెడు సార్, మొత్తం తెచ్చి ఆమె ఒక్కతె కొంగులో పోస్తే ఎట్టా?"

"వదినా, కూర్చో," వెంకటేశ్వర్లు లేచి నిలబడ్డాడు. ఇప్పుడు గొంతులో మెత్తదనం లేదు. "ఇంటి పరువు బజార్లో పెడతావా? మూడు నెల్లుంది నీకు. పెన్షన్ కాగితాలు కూడా ఇంకా కదల్లేదు. ఆలోచించుకో."

"రాత్రంతా ఆలోచించాను."

కిటికీల దగ్గర జనం కదిలారు. అక్కడున్న వాళ్ళలో మిరప వేయని వాడు ఎవడున్నాడు? అరిచిన గొంతులన్నీ చల్లబడి, ఒకళ్ళ వెనక ఒకళ్ళు సర్దుకోవటం మొదలుపెట్టారు. గురవమ్మ జోడించిన చేతులు అట్లాగే ఉన్నాయి. పావని ఎవరి చేలో కోసిందని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఇక అడిగే పని కూడా లేదు.

నందిని సరస్వతమ్మ వైపు చూస్తూ ఉండిపోయింది. నిన్న తన ఇంట్లో గ్యారంటీ లేదన్న మనిషి. మరిది కబురు మోసుకొచ్చిన మనిషి. ఆవిడకు అడ్డుగా వెళ్ళి నిలబడాలనీ, ఆపాలనీ, కాళ్ళు పట్టుకోవాలనీ అన్నీ ఒకేసారి అనిపించాయి. ఏదీ చేయలేకపోయింది.

"పేర్లు చెప్పగలరా అమ్మా?" అన్నాడు ఎంఈవో. ఆయన ముఖంలో ఇంతకుముందు లేని ఇబ్బంది కనపడింది.

"ఒక్క చేను పేరు చెబితే అబద్ధమయిద్ది సార్. అన్నీ చెబుతాను, రాసుకోండి. మొదట మా చేను రాయండి. కుంట కింద నాలుగెకరాలు. పట్టా నా పేరునే ఉంది, సరస్వతమ్మ. మొన్న శనివారం కూడా మా చేలో ఆరో తరగతి పిల్లలు కోత కోశారు. నేను గట్టు మీద నిలబడి చూశాను."

పెన్ను కాగితం మీద కదిలింది. ఆ గదిలో అదొక్కటే చప్పుడు.

జాషువా మూలనుంచి నడిచొచ్చి, ఏమీ అనకుండా నందిని పక్కన నిలబడ్డాడు.

"రెండోది?" అన్నాడు ఎంఈవో, తల ఎత్తకుండా.

సరస్వతమ్మ మరిది వైపు తిరిగింది.

"నువ్వు చెబుతావా ఎంకటేశ్వర్లూ, నన్నే చెప్పమంటావా?"